బ్లూబానెట్లలో కూర్చోకూడదు

డెల్బర్ట్‌కి మనుషులంటే పడదు. వసంతంలో అయితే అస్సలు పడదు. ఏడాదంతా ఏసీ కింద పడి ఉండే టెక్సస్ జనం, బ్లూబానెట్లు పూశాయని తెలియగానే పిల్లల్నీ కుక్కల్నీ చంకనేసుకుని బయలుదేరతారు. పాత రైలు పట్టాలు పీకేసి వేసిన సైకిల్ బాట పక్కన, నీలంగా పరుచుకున్న పూల మధ్య ఇంటిల్లిపాదీ చతికిలబడి ఫోటోలు దిగుతారు. ఆ ఫోటో గోడ మీద లేని ఇల్లు ఆ చుట్టుపక్కల డెల్బర్ట్‌ది ఒక్కటే.

"చూడ్డానికి కళ్లు చాలవా, పిర్రలు కూడా కావాలా?" అని సైకిల్ మీద పోతూ పోతూ అరవడం ఆయనకు ముప్ఫయ్యేళ్ల అలవాటు. ఆ బాట మీద సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఆ కేక కంఠతా వచ్చు. ఆయన మాత్రం ఏనాడూ బాట దిగి పూలలో కాలు పెట్టలేదు, భార్య నెల్డానీ పెట్టనివ్వలేదు. పూలకి తనొక్కడే దిక్కన్నట్టు ఆయనగారి బడాయి.

ఈ ఏడాది సంగతి వేరు. నెల్డాకి చూపు నడిమధ్యలో పోతోంది. ఎవరినైనా సూటిగా చూస్తే ముఖం ఉండాల్సిన చోట మసక మచ్చ కనిపిస్తుంది. పక్కచూపు మాత్రం కొంత మిగిలింది. వచ్చే వసంతానికి అదీ ఉంటుందన్న నమ్మకం లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

"ఈసారి పూలు చూడాలి డెల్బర్ట్," అంది నెల్డా. ఇంకేమీ అడగలేదు.

ఆవిడ ఇక ఒంటరిగా సైకిల్ తొక్కలేదు కాబట్టి ఆయన ఒక జంట సైకిల్ సంపాదించాడు. ముందు సీటు ఆయనది, వెనక సీటు ఆవిడది.

"ఎడమ పక్కకి చూడు, ఎర్రవి కూడా కలిసి పూశాయి!"

"నాకు నీ చొక్కా కనబడుతోంది. చెమటతో తడిసింది."

వాగు మలుపు దగ్గర పూలు ఎప్పుడూ ఒత్తుగా పూస్తాయి. అక్కడ ఆపి ఆవిడని బాట అంచున నిలబెట్టాడు. నెల్డా తల ఒక పక్కకి తిప్పి, మరో పక్కకి తిప్పి చూసింది.

"నీలంగా ఏదో ఉంది. దుప్పటి ఆరేసినట్టుంది. ఇందులో పువ్వేది?"

"అన్నీ పువ్వులే!"

"ఒకటి కోసి ఇవ్వు మరి."

"కోస్తే జైలు!" అన్నాడు డెల్బర్ట్. అలాంటి చట్టమేదీ లేదు. అయినా అక్కడ పుట్టినవాళ్లందరికీ చిన్నప్పటి నుంచీ అదే భయం, ఆయనకి మరీను.

అప్పుడే పూల మధ్యలో ఒక కుటుంబం కంటబడింది. అందరికీ తెల్లబట్టలు, కాళ్లకి కొత్త బూట్లు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. కుక్క మెడకి రిబ్బను. డెల్బర్ట్‌కి ఒళ్లు మండిపోయింది.

"చూడ్డానికి కళ్లు చాలవా, పిర్రలు కూడా కావాలా? లేవండి! మీ అబ్బ సొమ్మా? కుక్కకి కూడా ఫోటో పిచ్చేనా?"

పాప తల్లి, యెసేనియా అనే అమ్మాయి, చెయ్యెత్తి దండం పెట్టింది. "మీ నోటికో నమస్కారం పెద్దాయనా. అయిపోయింది, లేస్తున్నాం."

డెల్బర్ట్ గెలిచినట్టు భార్య వైపు తిరిగాడు. ఆవిడ మాత్రం పాప ఏడుపు వినిపించిన వైపే మొహం పెట్టి ఉంది.

"ఆ పిల్ల పూలకి ఎంత దగ్గరగా ఉందో కదా," అంది. "ఇక్కణ్ణుంచి నాకు నీ రూలు తప్ప ఏమీ కనబడట్లేదు. నన్ను అక్కడ కూర్చోబెట్టు."

"కూర్చుంటే నలుగుతాయి నెల్డా..."

"నలగనీ. నేను కూర్చుంటాను."

పెద్దమనిషి ఇరుక్కుపోయాడు. ఇంత నోరు పారేసుకున్నాక, ఆ జనం కళ్లెదుటే! చివరికి ఆవిడ మోచెయ్యి పట్టుకుని బాట దిగాడు.

"అటు వద్దు!" యెసేనియా అరిచింది. "అక్కడ ఎర్రచీమల పుట్ట ఉంది, మా పాపని కుట్టి చంపాయి. ఇటు రండి. మేం కూర్చున్న చోటు ఎలాగూ నలిగిపోయింది."

ఇందాక ఎవరు నలిపారని తిట్టాడో వాళ్లు నలిపిన చోటే డెల్బర్ట్ తనూ కూలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది. నెల్డా గుత్తిగా పూలున్న ఒక కాడని తుంచకుండానే వంచి, ముక్కుకి ఆనేంత దగ్గరగా తెచ్చుకుంది.

"పై పూలకి రేకు మీద తెల్లచుక్క ఉంది," అంది. "కింద పూలకి మాత్రం ఆ చుక్క ఎర్రగా మారింది. ఎందుకంటావ్?"

డెల్బర్ట్ వంగి చూశాడు. నిజమే. ముప్ఫయ్యేళ్లుగా పూల తరఫున ఊరందరితో తగువు పెట్టుకున్న మనిషికి ఆ సంగతే తెలియదు. ఒక్కసారైనా దగ్గరికొచ్చి చూస్తేగా!

"తెలీదు," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం నెల్డా ఎప్పుడూ వినలేదు.

"ఫోటో తియ్యనా?" అంది యెసేనియా.

"తియ్యమ్మా. గోడ మీద పెట్టుకుంటాం," అంది నెల్డా, భర్త నోరు తెరిచేలోపే.

ఆ సమయంలోనే బాట మీద సైకిళ్ల గుంపొకటి వచ్చింది. ముందున్న కుర్రాడు ఆ నెరిసిన తలని గుర్తుపట్టాడు. వెంటనే పగలబడి నవ్వుతూ కేకేశాడు:

"చూడ్డానికి కళ్లు చాలవా పెద్దాయనా, పిర్రలు కూడా కావాలా?"

డెల్బర్ట్ తల ఎత్తలేదు. నెల్డా ఆ వంచిన కాడని అలాగే పట్టుకుని, గొంతు వచ్చిన వైపు తిరిగి గట్టిగా అంది:

"చాలవు నాయనా. అందుకే కూర్చున్నాను."