తలుపవతలి లోకాయతం

లాండ్రీ వెనక గదిలో చిన్నకోడలు చార్వాకుల లోకాయతం మీద పాఠం పెట్టింది. ఇవాళ కూడా ఎవరూ రాకపోతే పాఠాలు కట్టిపెట్టాల్సిందేనని అత్తగారు తేల్చేసింది. వచ్చింది మొగుడొక్కడే, అదీ భయానికి.

"ఇంతకీ ఆ మాట ఎలా పుట్టిందే?" అన్నాడు ఆవలిస్తూ.

"లోకమంటే జనం. ఆయతమంటే పరుచుకున్నది. జనంలో పరుచుకున్న ఆలోచన! పండితుల గుప్పిట్లో మూసిపెట్టేది కాదు..." అంటూనే మూసున్న తలుపు చూసి నాలుక్కరుచుకుంది.

కుర్చీ చంకన పెట్టుకుని, ముందు గదిలో ఇస్త్రీపెట్టెలు వదిలి రాలేని ఆడవాళ్ల మధ్యకే వచ్చిపడింది.

"ఈ లోకం తప్ప ఇంకోటి లేదన్నారు చార్వాకులు!" అని గొంతెత్తింది.

"అంటే చచ్చాక ఇస్త్రీ ఉండదుగా వదినా? బతికిపోయాం!" అంది ఆడపడుచు.

బల్లలు అదిరేలా నవ్వారు. ప్రశ్నల మీద ప్రశ్నలు పడ్డాయి.

అత్తగారు కూడా దగ్గరికి జరిగింది. "ఆ గది నాకిచ్చెయ్. పాఠం మాత్రం రోజూ ఇక్కడే చెప్పు."