వడగట్టిన మాట

బిందె మూతికి గుడ్డ రెండు మడతలు వేసి, చేద నీళ్ళు మెల్లగా వంచుతున్నాను. మా జైనుల ఇళ్ళలో నీళ్ళు వడగట్టకుండా వాడరు. వడగట్టడంతో పని అయిపోదు కూడా. గుడ్డలో మిగిలిన, కంటికి ఆనని పురుగుల్ని కాసిని నీళ్ళతో కడిగి, ఏ బావిలోంచి వచ్చాయో ఆ బావిలోకే, చేద నీటిదాకా దించి, దెబ్బ తగలకుండా వదలాలి. పెళ్ళయి మదనపల్లెకు వచ్చినప్పటి నుంచీ ఈ పని నాదే. కొత్తల్లో ఒకరోజు, కుప్పం వెళ్ళి మా అమ్మను చూసి వస్తానని అడిగితే అత్తగారు అన్నారు: "నీళ్ళకు ఏసే గుడ్డ నీ నోటికి గూడా ఏసుకో కేసరమ్మా. శానా మాట్లాడతాండావు."

వేసుకున్నాను. మితంగా మాట్లాడటం, వినయం, నిగ్రహం మా ధర్మంలో అందరికీ చెప్పినవే. మా ఇంట్లో మాత్రం అవి కోడలి వాటాకు వచ్చాయి. మా ఆయన హస్తిమల్ బట్టల దుకాణంలో ఎంత వినయమో ఊరంతా చెప్పుకుంటుంది. చెప్పులు లేని రైతు వచ్చినా లేచి నమస్కారం పెడతారు. ఇంటికి వచ్చేసరికి ఆ చేతులు అలిసిపోతాయి కాబోలు. బావి పురుగులకైనా తిరిగి వెళ్ళే చోటుంది. నా నోటి గుడ్డలో ఇన్నేళ్ళుగా మిగిలిపోయినవాటిని ఎక్కడ వదలాలో ఎవరూ చెప్పలేదు.

ఈసారి పర్యూషణ పండుగకు, పదకొండేళ్ళ నా కూతురు సుందరి ఎనిమిది రోజుల ఉపవాసం పట్టింది. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు, అవీ పొద్దు ఉండగానే. పట్టింది అంటున్నాను గానీ, పట్టించారు. పోయినేడు కుప్పంలో మా అన్న కూతురు ఇలాగే ఉంటే, గుర్రబ్బండిలో కూర్చోబెట్టి ఊరేగించారు. అది చూసి వచ్చినప్పటి నుంచి అత్తగారికి నిద్ర లేదు. ఇప్పుడు పుంగనూరు నుంచి మేళం మాట్లాడారు. యుద్ధం పుణ్యమా అని బియ్యం దొరక్క ఊళ్ళో సగంమంది ఒకపూట పస్తుంటే, మేం పస్తుకు మేళం పెట్టిస్తున్నాం. ఇది తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది, సిగ్గు కంటే ఎక్కువ భయమేస్తుంది.

నిన్న అయిదో రోజు. అంట్లు తోమే మునిలక్ష్మమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, బిడ్డ బాయికాడ తూలి పడబొయ్యింది. నేను పట్టుకోకుంటే లోపలికే. ఒళ్ళు సల్లగా ఉండాది. గంజి గూడా వొద్దన్నాడా మీ దేవుడు?"

దేవుడు అనలేదు. మా నాన్న కుప్పంలో నాకు ప్రాకృతంలో వ్రతాల మాటలు నేర్పేటప్పుడు ప్రతిదానికీ 'శక్తి కొద్దీ' అని కలిపి చెప్పేవాడు. ఇంకోటి కూడా చెప్పేవాడు. మాట అనేముందు దానివల్ల ఎవరికి నొప్పో చూసుకో, అనకపోతే ఎవరికి నొప్పో అదీ చూసుకో అని. మొదటి సగం నాకు ఈ ఇంట్లో రోజూ వినిపించింది. రెండో సగం ఎప్పుడు మరిచిపోయానో తెలీదు.

సుందరిని ఒళ్ళో పడుకోబెట్టుకుని అడిగాను. "ఆకలి ఎప్పుడో పొయిందిమా," అంది. "కండ్ల ముందర నల్లగా ఉండాది, అంతే. అవ్వతో చెప్పొద్దు. అవ్వ బాధపడతాది." నీళ్ళు తాగిస్తే రెండు గుక్కలు కూడా నిలవలేదు. నా కూతురికి నేను నేర్పింది ఇదన్నమాట. కళ్ళు చీకట్లు కమ్ముతున్నా ఎదుటివాళ్ళు బాధపడతారని నోరు మూసుకోవడం.

పొద్దు గుంకకముందే భోజనానికి వచ్చిన ఆయనతో చెప్పాను. కంచంలోంచి తలెత్తలేదు. "ఇంక మూడు దినాలు. ఇప్పుడు మానిపిస్తే ఊర్లో తలెత్తుకోని తిరగల్లా వొద్దా? అమ్మ ముందర నువ్వు నోరెత్తొద్దు."

రాత్రంతా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూనే ఉన్నాను.

ఎనిమిది రోజులన్నారే గానీ, మా ఉపవాసానికి ఏ రోజు మాట ఆ రోజే. తెల్లవారగానే పెద్దవాళ్ళు వ్రతం మాట చదవాలి, పట్టేవాళ్ళు చివర 'వోసిరామి', విడిచిపెడుతున్నాను, అనాలి. అప్పుడే అది ఆ రోజుకు కట్టుబడుతుంది. రోజూ అత్తగారే చదువుతారు. ఈ ఉదయం ఆమె మధ్యాహ్నందాకా మౌనం పట్టారు. ఇంట్లో ఆ మాటలు వచ్చిన మరో మనిషిని నేనే. దేవుడి గూటి ముందు కూర్చుని, నన్ను చదవమని వేలితో సైగ చేశారు.

గోడకు ఆనించి కూర్చోబెట్టిన సుందరి పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. చదివేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకునే గుడ్డ నా ఊపిరికి అదురుతోంది. ఉపవాసానికి 'అబ్భత్తట్ఠం' అనాలి. పొద్దు పొడిచాక రెండు గడియలు ఆగి తినే చిన్న వ్రతం నవకార్సీకి 'నముక్కారసహియం' అనాలి. ఆ ఒక్క మాట దాకా గొంతు సాఫీగానే వచ్చింది. అక్కడ ఆగింది. చిన్న వ్రతం మాట అంటే ఎవరికి నొప్పి? అత్తగారికి, ఆయనకు, మేళానికి. అనకపోతే?

"నముక్కారసహియం," అన్నాను.

అత్తగారు చటుక్కున నావైపు తల తిప్పారు. పెదాలు కదిలాయి, మౌనం గుర్తొచ్చి బిగుసుకున్నాయి. సుందరికి ఆ రెండు మాటల తేడా తెలుసు. అవ్వ వైపు చూసింది, నా వైపు చూసింది.

"వోసిరామి," అంది నా బిడ్డ.

అత్తగారు నేలమీద అరచేత్తో చరిచారు. ఆ చప్పుడుకు ఆయన వచ్చారు. "అమ్మా, ఏమైంది?" అత్తగారు నావైపు వేలు చూపించారు.

"నవకార్సీ చదివినా," అన్నాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? మేళమోళ్ళకు ఏం చెప్పల్ల? కుప్పమోళ్ళకు ఏం చెప్పల్ల?"

"బిడ్డ గంజి తాగిందని చెప్పండి."

వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి వెలిగించి గంజికి ఎసరు పెట్టాను. గంజి ఉడుకుతుండగా వెనక గాజుల చప్పుడైంది. అత్తగారు. గిన్నెలోకి తొంగి చూశారు, వడగట్టిన నీళ్ళు ఒక చెంబు తీసుకుని గంజి పల్చన చేశారు, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయారు.

ఎల్లుండి పండుగ చివరి రోజు, సంవత్సరి. ఏడాదంతా మాటతో, మనసుతో చేసిన తప్పులకు ఒకరినొకరం చేతులు జోడించి 'మిచ్ఛామి దుక్కడం' అని క్షమాపణ అడుక్కునే రోజు. అత్తగారిని అడుగుతాను, ఆయన్ని అడుగుతాను, మునిలక్ష్మమ్మనూ అడుగుతాను. ఇన్ని రోజులు చూస్తూ ఊరుకున్నందుకు సుందరిని మొదట అడుగుతాను. ఈ ఉదయం అన్న ఆ ఒక్క మాటకు మాత్రం ఎవరినీ అడగను.