ఇరవై అయిదో చుక్క

"మామయ్యా, నీ పరువు కావాలి," అంది మా మేనకోడలు ఫోన్లో.

ఇంట్లో ఏం బయటపడిందోనని భయపడ్డాను. "ఎవరికి?" అన్నాను జాగ్రత్తగా.

"నా ప్రాజెక్టుకి. మీ క్లాసులో అందరివీ తీసుకుంటున్నా. చెప్పులు విప్పి మిషనెక్కితే చాలు."

పరువు కాదు, బరువు. ఊపిరి పీల్చుకున్నాను. రెండిట్లో నా దగ్గర దండిగా ఉన్నది అదొక్కటే.

పైమెట్టు ఎక్కాలంటే పీజీ ఉండాలని ఆఫీసులో అంటే, నలభై తొమ్మిదో ఏట యూనివర్సిటీలో సాయంత్రం తరగతులకు చేరాను. పట్టభద్రుడిగా వెళ్ళి పొట్టభద్రుడినయ్యాను. క్లాసు కాగానే గ్లాసు మా వాళ్ళ పద్ధతి. నా పిల్లల వయసు వాళ్ళు 'అంకుల్' మానేసి 'బాస్' అంటుంటే, ఆ ఒక్క పిలుపు కోసం మరో గ్లాసు నింపించుకునేవాణ్ణి. ఇంట్లో మాత్రం డాక్టరు చెప్పిన రోజే మానేశానని మాట. మరి ఈ పొట్ట ఏమిటని మా ఆవిడ అడిగితే థైరాయిడ్ మీదికి నెట్టాను. పరీక్ష చేయిస్తే ఆ అమాయకపు గ్రంథి నిర్దోషిగా విడుదలైంది.

మేనకోడలు మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. తాగుడుకీ విద్యార్థుల బరువుకీ సంబంధం తేల్చడం దాని పని. నన్ను రెండుసార్లు మిషనెక్కించి అంకె రాసుకుంది. నూట పన్నెండు కిలోలు.

"వారానికి ఎన్ని గ్లాసులో నువ్వే నింపు మామయ్యా. కాగితం మీద పేరుండదు. ఎవరిదని ఎవరికీ చెప్పను."

పేరు ఉండకపోవచ్చు. కానీ రోజూ భోజనాల బల్ల దగ్గర ఆ కాగితాల్ని మా ఆవిడ పైకి చదువుతుంటే మేనకోడలు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. నా కోడిగీతల రాత మా ఆవిడ చీకట్లో కూడా గుర్తుపడుతుంది. అందుకే గుండ్రంగా, ముత్యంలాంటి సున్నా ఒకటి చుట్టాను. సున్నాలో చేతిరాత పట్టుబడదు కదా.

నెల తర్వాత దాని ప్రాజెక్టు పరీక్ష. మా క్లాసు మొత్తం వెళ్ళింది. మా ఆవిడ వెనక వరసలో కూర్చుంది. తెర మీద ఒక్కో విద్యార్థికి ఒక్కో చుక్క; అడ్డంగా గ్లాసులు, నిలువుగా బరువు. తాగుడు పెరిగేకొద్దీ బరువు పెరుగుతూ ఇరవై నాలుగు చుక్కలు మెట్లెక్కినట్టు పైకి పోతున్నాయి. ఇరవై అయిదోది మాత్రం ఎడమ మూల, అందరికన్నా పైన, ఒంటరిగా వేలాడుతోంది. చుక్క ముట్టని చుక్క.

పరీక్షించే ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "దీనివల్ల చుక్కల మధ్య గీసిన గీత మొత్తం పడుకుంది. ఇది కొలతలో తప్పా?"

"కాదు సార్. రెండుసార్లు తూచాను."

"అయితే కారణం చెప్పు. లేదంటే మళ్ళీ మొదట్నుంచి సేకరించుకోవాలి. ఇంకో ఆరు నెలలు."

మేనకోడలి కళ్ళు నిండాయి. ఆ చుక్క ఎవరో దానికి తెలుసు. నా వైపు చూడకుండా ఉండటానికి కిటికీ వైపు చూసింది. "పేర్లు చెప్పనని మాటిచ్చాను సార్," అంది.

నేను లేచాను. రాసుకునే పలక ఉన్న కుర్చీ కూడా పొట్టకి పట్టేసి నాతో పాటే లేచింది. ఇద్దరు కుర్రాళ్ళు దాన్ని వెనక్కి లాగాక నోరు విప్పాను.

"ఆ చుక్క నేనండీ."

"తాగనని రాశారు కదా?"

"రాసింది తాగలేదండీ. తాగింది రాయలేదు."

హాలు గొల్లుమంది. వెనక వరస మాత్రం నవ్వలేదు.

"అసలు అంకె చెప్పండి," అన్నాడు ప్రొఫెసరు.

"వారానికి తొమ్మిది."

"లైబ్రరీ అని చెప్పి వెళ్ళిన రోజులు కూడా కలపండి," అంది మా ఆవిడ వెనకనుంచి, నిదానంగా.

"పద్నాలుగు," అన్నాను.

మేనకోడలు అంకె మార్చింది. నా చుక్క తెర మీద కుడివైపుకి జారి, మెట్ల వరసలో చిట్టచివర పై మెట్టు మీద కూర్చుంది. పడుకున్న గీత లేచి నిలబడింది. ఆఫీసులో అందని పైమెట్టు అలా దొరికింది.

ప్రొఫెసరు ఇంకా పెన్ను మూయలేదు. "ముందే ఎందుకు రాయలేదో కూడా చెప్పండి. తప్పు ఎలా జరిగిందో రికార్డులో ఉండాలి."

కాగితాలు ఎవరు చదువుతారో, సున్నా ఎందుకు చుట్టానో, 'బాస్' అన్న పిలుపుతో సహా అంతా చెప్పాను. మా ఆవిడ వైపు తిరిగి, థైరాయిడ్‌కి అందులో ఏ సంబంధమూ లేదని కూడా చెప్పాను.