ఐసు పెట్టెలో మందు

డాక్టర్ రేచల్‌కి బుర్ర తిరిగిపోతోంది. అమలాపురంలో షుగరు ఆసుపత్రి పెట్టిన దగ్గర్నుంచీ ఇంత మొండి షుగరుని ఆవిడ చూళ్ళేదు. ఐ.పోలవరం నుంచి వచ్చే నూకాలమ్మకి, వచ్చినప్పుడల్లా ఇన్సులిన్ డోసు పెంచుతూనే ఉంది. షుగరు మాత్రం దిగనంటే దిగనంటోంది.

"అన్నం తగ్గించేరా?"

"ఆయ్, తగ్గించేనండీ."

"ఇంజెక్షను మానేస్తున్నారా?"

"అయ్యబాబోయ్! మానేస్తే మీ మొహం ఎలా చూస్తానండీ?"

అబద్ధమాడే మనిషిలా లేదు. తను చదివిన చదువంతా గోదాట్లో కలిసిపోయిందేమోనని రేచల్‌కి అనుమానం వచ్చేసింది. చివరికి విసుగొచ్చి, ఇంట్లో వాడుతున్న మందు ఎలా ఉందో అలాగే పట్టుకురమ్మంది.

మర్నాడు నూకాలమ్మ ఓ థర్మాకోల్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తియ్యగానే నీచు వాసన గుప్పుమంది. లోపల, వాళ్ళాయన చెరువులో పట్టిన రొయ్యల మీద పోసే, ఉప్పు కలిపిన ఐసు. దాని మధ్యలో, రాయిలా గడ్డకట్టేసిన ఇన్సులిన్ సీసా.

"ఇదేంటండీ, నూకాలమ్మ గారూ!"

"చల్లగా ఉంచమన్నారు కదండీ. రోజూ కరిగించుకుని పొడుచుకుంటున్నానండీ."

"గడ్డకడితే మందు పాడైపోతుందండీ! మీరిన్నాళ్ళూ పొడుచుకున్నది ఉత్త నీళ్ళతో సమానం!" అని అరిచేసింది రేచల్.

నూకాలమ్మ ఏమీ అర్థంకానట్టు పెట్టె వంకా, డాక్టరు వంకా మార్చి మార్చి చూసింది.

"ఐసులో పెడితే రొయ్యే పాడవదు కదండీ, మందెలా పాడవుద్దండీ? మీరు డోసు పెంచినప్పుడల్లా, చల్లదనం చాలట్లేదేమోనని నేనూ ఐసు పెంచేనండీ."