మీసానికంటిన మెరుపు పొడి

మా మరదలు పెద్ద చదువులు చదివింది. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేశాను. అయినా ఇద్దరికీ అన్నం పెట్టేది ప్రయోగశాలలోని ఓ పొడవాటి గొట్టమే. దాన్లోంచి గాలంతా తోడేసి, కంటికి కనపడని కణాలను పరిగెత్తిస్తారు. దాన్ని బిగించడం, విప్పడం నా పని. లోపల ఏం జరుగుతుందో లెక్కగట్టడం ఆమె పని. మెచ్చుకోళ్ళు ఎవరికి దక్కుతాయో చెప్పనక్కర్లేదు.

ఆ మధ్య గొట్టం మొదట్లో ఉండే రేడియోధార్మిక లోహపు రేకు చిట్లి, దాని ధూళి లోపల పడింది. అది మొదటి వాల్వు దాటి ఉండదని మరదలు కంప్యూటర్లో లెక్క తేల్చింది. అదే నిజమైతే ఒక్క ముక్క కోసి తీసేస్తే చాలు. కాకపోతే గొట్టమంతా పీకాలి, ఆమె ఇన్నేళ్ళ ప్రయోగం మట్టికొట్టుకుపోతుంది.

పెద్దాఫీసరు పెదవి విరిచాడు. "తెర మీద బొమ్మలు ఎవరైనా వేస్తారమ్మా. చేసి చూపించు."

అలాంటిదే ఇంకో గొట్టం బిగించి, రేకు ఉండే చోట ఆ ధూళికి బదులు ఓ పొడి పోశాను. ముట్టుకున్నా ఏమీ కాదు, నీలం దీపం వేస్తే మెరుస్తుంది, అంతే. గాలి తోడి, రేకు చిట్లినప్పటిలాగే మళ్ళీ ఒక్కసారిగా లోపలికి వదిలాం. వాల్వు అవతల అతుకు నేనే విప్పాను. లైట్లార్పి నీలం దీపం వేశారు.

అతుకు అంచున పచ్చగా మెరిసింది.

"దాటేసింది!" అన్నాడు ఆఫీసరు, అదేదో తన ఘనకార్యమైనట్టు. మరదలు దీపం అందుకుని అతుకు మీదికి వంగి చూసింది. ఉన్నట్టుండి దీపం నా మొహం మీదికి తిప్పింది.

"బావా, కదలకు!"

"ఏంటే?"

"నీ మీసం!"

గదంతా ఒక్కటే నవ్వు. మీసం, ముక్కు, ఓ చెవి, అన్నీ ధగధగలే.

"పొడి పోశాక గ్లౌజులు మార్చమన్నానా, లేదా?"

"అన్నావులే. దురద నీ మాట వింటుందా?"

"ఆ చేతుల్తోనే అతుకు విప్పావు కదా! అవి నీ వేళ్ళ ముద్రలు బావా!"

"మళ్ళీ చెయ్యండి," అన్నాడు ఆఫీసరు. "ఈసారి ఈయన చేతులు ఎవరైనా కాపలా కాయండి."

అంతా తుడిచి, కొత్త గ్లౌజులతో మొదట్నుంచీ చేశాం. అతుకు విప్పాక ఆఫీసరే దీపం పట్టుకుని, తల లోపలికి దూర్చి వెతికాడు. ఎంత వెతికినా చీకటే. చీకటిని చూసి మనుషులు అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు.

"సరే, ఒక్క ముక్కే కోద్దాం," అన్నాడాయన, గొంతు తగ్గించి.

మరదలు నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"వదలవే, నడుం పట్టేస్తుంది!" అని అరిచాను గానీ, నా కాళ్ళు మాత్రం ఆగలేదు.