వకీలుగారు లేస్తే

ఎమ్మెల్యేగారు మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోంచి లేచారు. ఆ వెంటనే హాలంతా లేచింది.

నీలక్కా లేచింది. మోకాళ్లు పట్టేసినా బెంచీ అంచు పట్టుకుని మరీ లేచింది. పక్కనున్న తోడికోడలు మాత్రం కదల్లేదు. పెళ్లై వచ్చి, మిల్లులో చేరి నెల తిరగలేదు.

"లేవవే! అంత మర్యాద తెలీదా?" అని నీలక్క దాని భుజం గిల్లింది.

"ఎందుకక్కా? ఆయన చెప్పినదాంట్లో సగం నాకు అర్థమే కాలేదు."

వేదిక మీద లేబర్ ఆఫీసరు మైకు దగ్గరికి జరిగాడు. "కార్మికులంతా నిలబడి అంగీకారం తెలిపారు. యంత్రాలు తరలించడానికి ఇక అభ్యంతరం లేదు."

అద్దకం మిల్లు యజమాని ఎమ్మెల్యేగారి చెయ్యి పట్టుకుని ఊపాడు. చప్పట్లకని ఎత్తిన చేతులు హాల్లో అలాగే ఆగిపోయాయి.

ఎమ్మెల్యేగారు ఒకప్పుడు వీళ్ల వకీలే. యజమాని యంత్రాలు వేరే ఊరికి తరలించి అందరినీ ఇంటికి పంపేస్తానన్నప్పుడు కేసు పట్టింది ఆయనే. డొక్కు స్కూటరు మీద వచ్చేవాడు. బాయిలరు గది మెట్ల మీద కూర్చుని వీళ్ల గ్లాసులోనే టీ తాగేవాడు. కోర్టుకెళ్లిన మొదటిరోజే వీళ్లకు చెప్పాడు: "నేను లేస్తే లేవండి. కూర్చుంటే కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి. మాట్లాడేది నేను."

ఏళ్ల తరబడి అలాగే చేశారు. కార్మికులు ఒప్పుకుంటే తప్ప, కేసు తేలేదాకా ఒక్క యంత్రం కూడా షెడ్డు దాటకూడదని జడ్జి స్టే ఇచ్చిన రోజు, వకీలుని భుజాలకెత్తుకున్నారు. తెల్లచొక్కా నిండా నీలం, ఎరుపు, పసుపు చేతుల ముద్రలు పడ్డాయి. ఆయన వాటిని చూసుకుని చూసుకుని మురిసిపోతూ, "ఈ చొక్కా జన్మలో ఉతకను!" అన్నాడు. ఎంత నవ్వుకున్నారో ఆ రోజు!

ఆ చేతులే గడప గడపకూ తిరిగి ఆయన్ని అసెంబ్లీకి పంపాయి. ఆ తరవాత స్కూటరు పోయి కారొచ్చింది. కారుకు నల్ల అద్దాలొచ్చాయి. "సారు మీటింగులో ఉన్నారు" అని చెప్పే మనిషొకడు వచ్చాడు.

మర్నాడు పొద్దున నీలక్క ఆయనింటికి వెళ్లింది. వెంట తోడికోడలు, దాని మొగుడు. అతను బాయిలరు దగ్గర పనిచేస్తాడు, నీలక్కకు మరిది.

"రా నీలక్కా, కూర్చో," అన్నారు ఎమ్మెల్యేగారు. పిలుపులో పాత చనువు అలాగే ఉంది. అదే ఆమెకు ఎక్కువ బాధేసింది.

"మేం ఒప్పుకోలేదు బాబూ. అలవాటుకొద్దీ లేచాం."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ సంగతి నాకు తెలీదనుకున్నావా?"

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, ఆయనే కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"మిల్లు ఎలాగూ నిలబడదు. అసెంబ్లీలో నేనొక్కణ్ణి. పార్టీ మాట కాదంటే రేపు నాకే కుర్చీ ఉండదు. ఏదో ఒక పరిహారం ఇప్పిస్తాను. నేనూ అలిసిపోయాను నీలక్కా."

"ఏ రంగుతొట్టి మోశారండీ, అలిసిపోడానికి?" అన్నాడు మరిది.

నీలక్క అతన్ని వారించలేదు.

మిల్లు ముందు కుళాయి దగ్గర అందరూ పోగయ్యారు. తిట్టుకున్నారు, ఏడ్చారు, మళ్లీ తిట్టుకున్నారు.

"వీడు కాకపోతే ఇంకో వకీలు. మంచివాణ్ణి చూసుకుందాం," అన్నాడు రంగులు కలిపే తాత.

"ఆయన లేచినప్పుడు కూడా లేవాలా తాతా?" అంది తోడికోడలు.

ఎవరో కిసుక్కున నవ్వారు. నీలక్క నవ్వలేదు. కుళాయి గట్టు మీద కూలబడి, ఎంత తోమినా రంగు వదలని తన చేతుల్ని చూసుకుంది. చాలా అలసటగా ఉంది. ఇంటికెళ్లి పడుకోవాలని ఉంది.

"వకీలుని తర్వాత పెట్టుకుందాం," అంది చివరికి. "ఆయన మనల్ని అమ్మేశాడు, సరే. మన నోరు ఆయన చేతిలో పెట్టిందెవరు? మనమే కదా! లారీలొచ్చినప్పుడు గేటుకడ్డంగా కూర్చుందాం. అడిగినవాళ్లకు ఎవరికి తోచింది వాళ్లు చెబుదాం. తప్పుగా చెప్పినా ఫర్వాలేదు."

"అందరూ ఒకేసారి మాట్లాడితే?"

"మాట్లాడనీ. ఇన్నేళ్లది లోపలే ఉండిపోయింది."

లారీలొచ్చి, యంత్రాలెక్కించుకుని, బయటికి రాబోయేసరికి గేటు ముందు జనం కూర్చుని ఉన్నారు. ఎమ్మెల్యేగారి కారొచ్చింది. "మీ మంచికే చెబుతున్నా, దారివ్వండి," అన్నారాయన. జవాబుగా ముసలమ్మొకతె తన దగ్గు గురించి మొదలుపెట్టింది. ఇంకొకతె బాయిలరు పేలి చనిపోయిన తమ్ముడి గురించి. తాత రంగులవాసన గురించి. కారు వెనకే వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు రెండు చెవులూ మూసుకున్నాడు.

"మీ తరఫున మాట్లాడేదెవరు?" అని అరిచాడు.

"వినపడ్డం లేదా అయ్యా? మాట్లాడుతూనే ఉన్నాం కదా!"

పోలీసులు నీలక్క రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించారు. వెనకే తోడికోడలు ఎక్కింది. "నువ్వెందుకెక్కావే?" అంటే, "మా ఆయన ఎక్కుతున్నాడక్కా!" అంది. ఆ తరవాత తాత, ముసలమ్మ, పట్టినంతమందీ ఎక్కారు. పట్టనివాళ్లు తలుపు పట్టుకుని వేలాడారు.

వ్యాను రెండడుగులు కదిలి, సరిగ్గా గేటుకడ్డంగా దగ్గి ఆగిపోయింది.

"కాస్త దిగి తొయ్యండమ్మా," అని డ్రైవరు బతిమాలాడు.

"అరెస్టు చేసింది మీరు. తోసుకునేదీ మీరే," అంది నీలక్క.

పోలీసులు టోపీలు తీసి పక్కన పెట్టి తోశారు. వ్యాను ఊగింది కానీ కదల్లేదు. వ్యానులో నవ్వులు. గేటు లోపల లారీల హారన్లు, వెలుపల ఎమ్మెల్యేగారి కారు హారను. అప్పుడే పక్కనున్న నూలుమిల్లులో అన్నం గంట కొట్టారు. టిఫిను డబ్బాలతో బయటికొచ్చిన ఆడవాళ్లు వ్యాను చూసి ఆగారు.

"ఏమైందక్కా? ఎందుకు పట్టుకెళ్తున్నారు?"

నీలక్క గొంతు బొంగురుపోయి ఉంది. కిటికీ ఊచల దగ్గరికి ముఖం చేర్చింది.

"దగ్గరికి రండి, చెబుతా. కొంచెం పెద్ద కథే."

వాళ్లు డబ్బాలు పక్కన పెట్టుకుని, వ్యాను చక్రాల చుట్టూ కూర్చున్నారు.