మంచు చూడని కోటు

నేను ఒక ఉన్ని కోటును. పుట్టింది బెజవాడ ఎండలో. నన్ను కుట్టిన బాజీ సాహెబ్ అంతకు ముందు వకీళ్ళ నల్లకోట్లు తప్ప మరేవీ కుట్టి ఎరగడు. అందుకే నా కాలరు చూస్తే కోర్టుకు బయల్దేరినట్టుంటుంది, కిందిభాగం మాత్రం మోకాళ్ళ దాకా వేలాడుతుంది.

"దీన్ని ఈ ఊళ్ళో వేసుకుంటే ఉడికిపోతారు మాస్టారూ," అన్నాడు కొలతలు తీసుకుంటూ.

"ఈ ఊళ్ళో కాదయ్యా, హిమాలయాల్లో, ఔలిలో," అన్నారు సుదర్శనం మాస్టారు, ఆ పేరే చల్లగా తగిలినట్టు.

ఆయన హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. హిమాలయాలను నల్లబల్ల మీద సుద్దముక్కతో వందలసార్లు గీశారు. చివరికొక ఫిబ్రవరిలో సెలవు పెట్టి బయల్దేరితే, స్కూలు స్కూలంతా స్టేషనుకు వచ్చి మెడలో దండలు వేసింది. ఆ దండలే మా కొంప ముంచాయి. ఋషీకేశ్ దాకా వెళ్ళాం. పైన కొండచరియ విరిగి దారి మూసేశారు. ఆరు రోజులు లాడ్జి గదిలో కూర్చుని, సెలవు అయిపోయి, తిరిగొచ్చేశాం. దండలు వేసిన చేతుల ముందు ఆ మాట ఎలా చెప్పాలి?

మర్నాడు ఒక పిల్ల అడిగింది, "మంచు ఎలా ఉంటుంది మాస్టారూ?" అని.

"ఉప్పులా. కాలు పెడితే కరకరలాడుతుంది," అన్నారాయన.

అంతే. ఆయన రిటైరయ్యాక కూడా ప్రతి వార్షికోత్సవానికీ స్కూలువాళ్ళు పిలిచేవారు. ఆయన నన్ను తొడుక్కుని, చెమటలు కక్కుతూ అదే కథ చెప్పేవారు. పిల్లలు నన్ను ముట్టుకుని, మంచులో తిరిగొచ్చిన కోటు అని కళ్ళు పెద్దవి చేసేవారు. సిగ్గుతో నా ఉన్ని గరగరలాడేది. నోరు లేదు గనక సరిపోయింది.

ఇరవై ఏడేళ్ళు అలా గడిచాక, మా పై వాటాలోకి కొత్తగా పెళ్ళయిన జంట దిగింది. స్ఫూర్తి ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరు, వంశీధర్ బ్యాంకు ఉద్యోగి. మార్చిలో ఆమెకు వారం సెలవులు. ఔలి వెళ్ళి మంచు మీద స్కీయింగ్ చెయ్యాలని ఇద్దరికీ ఒకటే సంబరం. ఉన్ని మేజోళ్ళు కొనుక్కొచ్చి, హాల్లో నున్నటి టైల్స్ మీద జారడం ప్రాక్టీసు చేసేవారు. సర్రుమని చప్పుడు, ధబ్బుమని పడటం, ఆపైన నవ్వు. కింద బీరువాలో నాకన్నీ వినిపించేవి.

మాస్టారి మంచు కథ వాళ్ళ చెవినా పడింది. ఒక సాయంత్రం కిందికి వచ్చారు.

"మాస్టారూ, నాకు సెలవులు మార్చి నెలాఖరున. అప్పటికి మంచుంటుందా? ఇంటర్నెట్లో తలా ఒక మాట చెబుతున్నారు," అంది స్ఫూర్తి.

"మీరు కళ్ళారా చూసినవారు కదా, మీ మాట మీదే టికెట్లు తీస్తాం. తీశాక మార్చడానికి వీల్లేదు," అన్నాడు వంశీ.

స్ఫూర్తి ముఖంలో వెలుగు చూసి మాస్టారికి కాదనబుద్ధి కాలేదు. "బ్రహ్మాండంగా ఉంటుంది అమ్మాయీ. ఎండా మంచూ రెండూ," అన్నారు.

వాళ్ళు గెంతుకుంటూ మెట్లెక్కారు. మాస్టారు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారు. పైన మళ్ళీ సర్రుమని చప్పుడు, నవ్వు. కాఫీ మీద మీగడ కట్టింది. ఆయన దిగ్గున లేచి, బీరువా తీసి, నన్ను చేతి మీద వేసుకుని మెట్లెక్కారు.

స్ఫూర్తి లాప్‌టాప్ ముందుంది.

"ఆ బటన్ నొక్కకమ్మా. నేను ఔలి వెళ్ళలేదు. ఋషీకేశ్ దాటలేదు."

స్ఫూర్తి బటన్ మీంచి వేలు తీసేసింది.

"మరి ఆ ఉప్పు...?" అన్నాడు వంశీ.

"ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు గీకి చూశాను బాబూ."

వంశీకి నవ్వొచ్చింది. స్ఫూర్తి అతని మోకాలి మీద గిల్లి, ఔలిలో స్కీయింగ్ నేర్పేవాళ్ళకు ఫోను చేసింది. ఈసారి మంచు తక్కువ పడిందట, నెలాఖరుకు నమ్మకం లేదట. ఆమె తోటి లెక్చరరును బతిమాలి పరీక్షల డ్యూటీ మార్చుకుని, మార్చి మొదటి వారానికే టికెట్లు తీసింది. ఆ తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"దీన్ని తీసుకెళ్ళనా మాస్టారూ?"

ఆయన తలెత్తకుండానే ఇచ్చారు.

అలా నేను మంచు చూశాను. స్ఫూర్తి నన్ను తొడుక్కుని నాలుగడుగులు జారి, వెల్లకిలా పడి, ఆకాశం చూస్తూ నవ్వింది. నా జేబులో గుప్పెడు మంచు చేరింది. తడిసి ముద్దయ్యాను. అంత హాయిలోనూ, ఇక్కడ ఉండవలసినవారు ఇంకొకరని నా మనసు పీకింది.

తిరిగొచ్చాక మాస్టారు, ఒకప్పుడు స్కూల్లో ఆ పిల్ల అడిగినట్టే అడిగారు, "ఎలా ఉంది మంచు?"

"ఉప్పులా కాదు మాస్టారూ. బియ్యప్పిండిలా ఉంది. గుప్పిట పట్టి నొక్కితే ముద్దవుతుంది, ఇంతలో నీళ్ళయిపోతుంది."

ఆయన నా జేబులో చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

మరుసటి వార్షికోత్సవంలో మైకు ముందు గొంతు సవరించుకుని అన్నారు, "నేను మంచు చూడలేదు పిల్లలూ. ఈ కోటు చూసింది."

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "అయితే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పారా మాస్టారూ?"

"చెప్పానమ్మా."

ఆయన చెమట నా కాలరులోకి దిగింది. ఇద్దరం సిగ్గుపడ్డాం, ఈసారి అందరి ముందూ. తర్వాత ఆయన ఒక్కొక్క గుండీ తీసి, నన్ను విప్పి, ఆ పిల్ల చేతికిచ్చారు. నన్ను వరసలోని పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు తడిమి చూస్తుంటే, నేను మాత్రం వేదిక వైపే చూశాను. నేను లేకుండా, పల్చటి చొక్కాలో, ఇంత సన్నటి మనిషా మా మాస్టారు!